ఆఫీసు షర్టుల డ్రైక్లీనింగ్‌కే నెలకు 2,300 అవుతోంది, మీరంతా ఏం చేస్తున్నారు?

కొత్త_బ్యాంకోడు
జనవరిలో ఒక ప్రైవేటు బ్యాంకులో చేరాను. అమీర్‌పేట వైపు బ్రాంచి. కస్టమర్ల ముందు కూర్చునే పని కాబట్టి రోజూ ఫుల్ హ్యాండ్స్ షర్టు, టై, టక్ తప్పనిసరి. ముగ్గురం కలిసి ఉంటున్న గదిలో వాషింగ్ మెషీన్ లేదు, ఆరేసుకోవడానికి జాగా అంతకన్నా లేదు. అందుకని వీధి చివర డ్రైక్లీనింగ్ షాపులో వేస్తున్నాను. షర్టుకు 90, దాని మీద 18 శాతం జీఎస్టీ. నెలకు 22 షర్టులు. నిన్న కూర్చుని లెక్క వేస్తే 2,336 రూపాయలు తేలింది. గది అద్దెలో నా వాటాయే 5,500.

డబ్బు ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. నాలుగు నెలలు తిరక్కుండానే తెల్ల షర్టుల కాలర్ లోపలి వైపు పసుపు గీత పడింది. చంకల దగ్గరా అంతే. ఒక లేత నీలం షర్టు కాలర్ మీద బుడగలు లేచాయి, వేలితో నొక్కితే లోపల గాలి ఉన్నట్టు తెలుస్తోంది. షాపులో అడిగితే "మీ చెమట సార్, మేమేం చేస్తాం" అన్నారు. ఇంత పోసి కూడా షర్టు పాడవుతుంటే ఇంకెవరికి ఇవ్వాలి? తక్కువలో అయ్యే దారి ఉంటే చెప్పండి.

సుధ_బెజవాడ
కాటన్ షర్టుని డ్రైక్లీనింగ్‌కి ఇవ్వడమేమిటి తమ్ముడూ! పట్టుచీరలూ, సూట్లూ ఇస్తారు గానీ. నీళ్లలో ఉతికి ఇస్త్రీకి ఇస్తే సరిపోతుంది.

గచ్చిబౌలి_గణేష్
బ్రో, కిలోల లెక్కన వాష్ అండ్ ఐరన్ చేసేవాళ్లకి ఇచ్చెయ్. మా దగ్గర కిలో 110 తీసుకుంటున్నారు. షర్టు 200 నుంచి 250 గ్రాములు తూగుతుంది, అంటే కిలోకి నాలుగైదు పడతాయి. నీ 22 షర్టులు ఐదు కిలోల దరిదాపుల్లో ఉంటాయి. 550 చుట్టుపక్కల అయిపోతుంది. వాళ్లే ఇంటికొచ్చి తీసుకెళ్తారు. ఒక్కటే చిక్కు, మూడు కిలోల కన్నా తక్కువైతే రారు.

అమలాపురం_శీను
గణేష్ చెప్పిన కిలో బేరం నేనూ చూశాను. అందరి బట్టలూ ఒకే డ్రమ్ములో తిప్పుతారన్న అనుమానం నాకు. నా తెల్ల షర్టు లేత గులాబీ రంగులో తిరిగొచ్చింది. ఎవరి టీషర్టు రంగు పూసిందో ఏమో.

గచ్చిబౌలి_గణేష్
శీను, ఇచ్చేటప్పుడే తెల్లవి వేరే సంచిలో కట్టి, "ఇవి విడిగా వెయ్యండి" అని రసీదు మీద రాయించుకోవాలి. నాకు రెండేళ్లలో ఒక్కసారి కూడా అలా జరగలేదు.

కెమిస్ట్రీ_మేడమ్
కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ పసుపు గీత సంగతి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

డ్రైక్లీనింగ్ అంటే బట్ట తడవదని కాదు, నీళ్లతో తడపరని అర్థం. నీళ్ల బదులు పెర్‌క్లోరోఎథిలీన్ గానీ, పెట్రోలియం నుంచి తీసిన ద్రావకం గానీ వాడతారు. నూనె, గ్రీజు, లిప్‌స్టిక్ లాంటివి అందులో చక్కగా కరిగిపోతాయి. చెమట అలా కాదు. అందులో ఉప్పు, ప్రొటీన్ ఉంటాయి, అవి కరగాలంటే నీళ్లే కావాలి. కొన్ని షాపుల్లో ద్రావకంలో కొద్దిగా సబ్బు, తేమ కలుపుతారు గానీ రోజూ చెమట పట్టే షర్టుకి అది చాలదు. పైపైన మురికి పోయి షర్టు తళతళలాడుతూ వస్తుంది. చెమట ఉప్పు మాత్రం దారాల్లోనే ఉంటుంది. దాని మీద వేడి ఇస్త్రీ పడితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నాలుగు నెలలు ఇదే జరిగింది మీ షర్టులకి. చంకల దగ్గర పసుపుకి మీరు రాసుకునే రోలాన్ డియోడరెంట్ కూడా కారణం కావచ్చు. చెమట ఆపే రకం వాటిలో అల్యూమినియం లవణాలుంటాయి, అవి చెమటతో కలిసి మరకవుతాయి.

కాలర్ మీద బుడగల కథ వేరు. కాలర్ నిటారుగా నిలబడడానికి రెండు పొరల మధ్య గట్టి గుడ్డ పెట్టి జిగురుతో అతికిస్తారు. మితిమీరిన వేడి తగిలినా, జిగురు నాసిరకమైనా అది ఊడి బుడగలవుతుంది. అది మీ చెమట వల్ల వచ్చింది కాదు.

షర్టు లోపల కుట్టు పక్కన చిన్న లేబుల్ ఉంటుంది, చూడండి. తొట్టి బొమ్మ ఉంటే నీళ్లలో ఉతకొచ్చు. వృత్తం ఉంటే డ్రైక్లీనింగ్. త్రికోణం బ్లీచ్‌కి. ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్కుంటే తక్కువ వేడి, రెండుంటే మధ్యస్థం, మూడుంటే ఎక్కువ వేడి. బొమ్మ మీద ఇంటూ మార్కు ఉంటే ఆ పని చెయ్యకూడదని.

కొత్త_బ్యాంకోడు
ఇప్పుడే చూశాను మేడమ్. ఆరు షర్టులకీ తొట్టి బొమ్మే ఉంది. నాలుగింటికి వృత్తం మీద ఇంటూ కొట్టి ఉంది! అంటే డ్రైక్లీనింగ్ వద్దని కంపెనీవాడే రాశాడు. నేను ఇన్నాళ్లూ డబ్బిచ్చి మరీ అదే చేయించాను. షాపులో ఎవరూ ఆ లేబుల్ చూడనేలేదు.

వకీలు_హనుమకొండ
మాదీ మీ కష్టమే. తెల్ల షర్టు, మెడకి కట్టే తెల్ల బ్యాండ్లు, నల్ల కోటు. ఏప్రిల్లో ఓరుగల్లు ఎండలకి కోర్టు హాల్లో ఫ్యాను ఆగితే షర్టు పిండితే నీళ్లు కారతాయి. పదిహేనేళ్లుగా పాటిస్తున్నది ఒకటే, కోటు రెండు నెలలకోసారి డ్రైక్లీనింగ్, షర్టు రోజూ నీళ్లలో. రాత్రి ఇంటికి రాగానే విప్పి బకెట్లో పడేస్తాను. చెమట ఆరనివ్వకపోతే సగం పని అయినట్టే.

లేబుల్ మీద వద్దని ఉన్నా చేశారు కాబట్టి ఆ షాపుని అడిగే హక్కు మీకుంది. బిల్లులు ఉన్నాయా?

కొత్త_బ్యాంకోడు
ఫోన్‌లో మెసేజ్ రూపంలో వచ్చినవి అన్నీ ఉన్నాయి సార్. కానీ వాళ్ల రసీదు కింద "నష్టం జరిగితే ఉతుకు చార్జీకి పది రెట్లు మించి ఇవ్వబడదు" అని ఉంది.

వకీలు_హనుమకొండ
రసీదు మీద అచ్చువేసిందల్లా చట్టం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఏకపక్ష ఒప్పందాల గురించి ప్రత్యేకంగా ఉంది. అయినా మీ షర్టు ఖరీదెంత, 1,500 ఉంటుందా? పది రెట్లంటే 900. ముందు ఫొటోలు, లేబుల్, బిల్లు జతచేసి షాపుకి రాతపూర్వకంగా ఇవ్వండి. పలకకపోతే 1915 కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఒక్క షర్టుకి అంతదూరం వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెళ్లి షేర్వాణీ, పట్టుచీర లాంటివైతే మాత్రం వదలొద్దని మా క్లయింట్లకి చెబుతాను.

మూడో_తరం_లాండ్రీ
రెండు రోజులుగా చదువుతున్నాను. మాది రజక కుటుంబం. తాత మూసీ ఒడ్డున రేవులో ఉతికేవాడు, నాన్న ఇస్త్రీ బండి పెట్టాడు, నేను దిల్‌సుఖ్‌నగర్ వైపు చిన్న లాండ్రీ నడుపుతున్నాను. కెమిస్ట్రీ మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గరికి ఎవరైనా కాటన్ షర్టు తెచ్చి డ్రైక్లీన్ అంటే నేనే వద్దంటాను. నీళ్ల ఉతుకు, ఇస్త్రీ కలిపి 40 తీసుకుంటాను. ఇస్త్రీ ఒక్కటే అయితే 10.

చాలామంది డ్రైక్లీనింగ్ అనగానే పెద్ద పని, మంచి పని అనుకుంటారు. కొన్ని షాపుల్లో షర్టుని నీళ్లలోనే ఉతికి డ్రైక్లీనింగ్ రేటు వేస్తారని కూడా మా వృత్తిలో అందరికీ తెలుసు. తీసుకున్నాక వాసన చూడండి. ద్రావకం వాసన ఏమీ లేకుండా సబ్బు వాసనే వస్తుంటే అడగండి.

షర్టు బాగా రావాలంటే అసలు పని కాలర్ దగ్గరే. మా నాన్న ఇస్త్రీ చేసేటప్పుడు చూసి నేర్చుకున్నాను. ముందు కాలర్‌ని బోర్లా వేసి, కొసల నుంచి మధ్యకి తోస్తాడు. మధ్య నుంచి కొసలకి తోస్తే బట్ట జరిగి మొనల దగ్గర ముడత పడుతుంది, ఆ ముడత అందరికీ కనబడుతుంది. తర్వాత భుజాల పట్టీ, కఫ్‌లు, చేతులు, ఆఖర్న ఒళ్లు. గుండీల మీద పెట్టె ఎక్కించడు, గుండీల మధ్య ముక్కు దూర్చి తీస్తాడు. నీళ్లు చల్లిన చెయ్యి పెట్టె అడుగున ఇలా అంటించీ అంటించకుండా తాకిస్తే సుయ్‌మంటుంది. ఆ చప్పుడుని బట్టే ఇది కాటన్ వేడా, టెరికాటన్ వేడా అన్నది ఆయనకి తెలిసిపోతుంది. ఆరేడు కిలోల ఇత్తడి పెట్టె అది. రోజుకి నూట యాభై బట్టలు. ఆయన కుడి భుజం ఇప్పుడు పైకి లేవదు.

అమలాపురం_శీను
మూడోతరం గారూ, మీ నాన్నగారి మీద గౌరవంతోనే అడుగుతున్నా. బొగ్గుల పెట్టెతో నిప్పురవ్వ పడి నా షర్టు జేబు దగ్గర చిల్లు పడింది. అందుకే నేను బండి మానేశాను. అదీగాక ఇప్పుడు ఒక్కో షర్టుకి 15 అడుగుతున్నారు.

మూడో_తరం_లాండ్రీ
నిప్పురవ్వ మాట నిజమే శీను గారూ, కాదనను. గాలి వేసినప్పుడు పెట్టె మూత సందుల్లోంచి ఎగురుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది గ్యాసు పెట్టెకీ, కరెంటు పెట్టెకీ మారారు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి మా లాండ్రీలకి, దోభీ ఘాట్లకి నెలకు 250 యూనిట్లు ఉచితంగా ఇస్తున్నారు, దానివల్లే నేను కరెంటు స్టీమ్ పెట్టె కొనగలిగాను.

15 రూపాయల సంగతి మాత్రం ఒక్కసారి ఆలోచించండి. పదేళ్ల కింద 5 రూపాయలుండేది. బొగ్గు నేను మానేసే నాటికే కిలో 45 అయింది. అపార్ట్‌మెంట్ గేటు పక్కన బల్ల వేసుకోవడానికి కొన్నిచోట్ల అసోసియేషన్‌కి నెలనెలా కట్టాలి. ఒక షర్టు సరిగ్గా చెయ్యాలంటే నాలుగైదు నిమిషాలు. గంట ఎండలో నిలబడితే 12 షర్టులు. ఇంటికొచ్చి తీసుకెళ్లి మళ్లీ తెచ్చివ్వడం వేరే. మీరు కాఫీ తాగితే 20 అవుతుంది కదా.

అమలాపురం_శీను
సరేనండీ, ఆ లెక్క నేనెప్పుడూ వెయ్యలేదు. రేపు మా గేటు దగ్గర ఆయన్ని అడిగి చూస్తాను, గ్యాసు పెట్టె ఉందేమో.

సుధ_బెజవాడ
మా అమ్మమ్మ "మంగలి పాత, చాకలి కొత్త" అనేది. కొత్తగా వచ్చినాయన శ్రద్ధగా ఉతుకుతాడని. మా ఇంటికి మాత్రం ముప్ఫై ఏళ్లుగా ఒకే కుటుంబం వస్తోంది, ఇప్పటికీ ఒక్క గుండీ ఊడలేదు. ఆ సామెత మా ఇంట్లో చెల్లలేదు.

చర్మం_డాక్టరు
బట్టలు కలిసిపోకుండా కాలర్ లోపల నల్ల గుర్తు పెడతారు కదా, పాతకాలం పద్ధతిలో నల్లజీడి గింజ రసంతో పెట్టేవాళ్లు. ఇంకా కొన్నిచోట్ల పెడుతున్నారు. ఆ గుర్తు ఎన్ని ఉతుకులకీ పోదు, బాగానే ఉంటుంది గానీ ఆ రసం కొందరికి పడదు. మెడ వెనక సరిగ్గా గుర్తు ఉన్నంత మేర ఎర్రగా దద్దుర్లు లేచి దురద పెడుతూ వస్తారు నా దగ్గరికి. సబ్బు మార్చి చూస్తారు, పౌడర్ మార్చి చూస్తారు, చొక్కా తిప్పి చూడరు. అలా ఉంటే గుర్తుని గుడ్డ ట్యాగు మీద పెట్టి కట్టమనండి.

మూడో_తరం_లాండ్రీ
నిజం డాక్టర్ గారూ. మా తాత వేళ్ల సందుల్లో ఆ జీడి మచ్చలు చివరిదాకా ఉండేవి. నేను గుడ్డ ముక్క మీద నంబరు రాసి పిన్నీసుతో పెడుతున్నాను.

పొందూరు_మనవడు
ఖద్దరు గురించి ఎవరూ ఎత్తలేదు. మా నాన్నకి పొందూరు ఖద్దరు చొక్కాలు పది ఉన్నాయి. వాలుగ చేప దవడతో దూది ఏకే ఊరు మాది, ఆ నూలు ఎంత సన్నమో ముట్టుకుంటేనే తెలుస్తుంది. శ్రీకాకుళంలో ఒక షాపుకి ఇస్తే మెషీన్‌లో తిప్పి నలిపేశారు, భుజం కుట్టు దగ్గర పురి విడిపోయింది. అప్పట్నుంచి చేత్తోనే. చల్లనీళ్లు, తేలికపాటి సబ్బు, పిండకుండా నీడలో ఆరెయ్యడం. సగం ఆరాక గంజి.

ఇప్పుడు అందరివీ కుక్కర్లే కాబట్టి గంజి వార్చేవాళ్లు లేరు. రెండు చెంచాల సగ్గుబియ్యం అరలీటరు నీళ్లలో వేసి గాజులా అయ్యేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడగట్టండి. దాన్ని అరబకెట్ నీళ్లలో కలిపితే రెండు చొక్కాలకి సరిపోతుంది. చుక్క నీలిమందు వేస్తే తెలుపు ఇంకా బాగుంటుంది. చెమ్మ ఉండగానే ఇస్త్రీ చెయ్యాలి, పూర్తిగా ఎండితే అట్ట కట్టేస్తుంది.

వకీలు_హనుమకొండ
నా బ్యాండ్లకి ఈ సగ్గుబియ్యం గంజి పెట్టించి చూస్తాను. డబ్బా గంజి పొడి వాడితే సాయంత్రానికి వాలిపోతున్నాయి.

డాలస్_నుంచి
ఇక్కడ లెక్క వేరు. అమెరికాలో షర్టు ఇస్తే "లాండర్డా, డ్రైక్లీనా" అని కౌంటర్‌లోనే అడుగుతారు. లాండర్డ్ అంటే నీళ్లలో ఉతికి మెషీన్ మీద ప్రెస్ చెయ్యడం, మా వీధిలో 3.25 డాలర్లు. అదే షర్టు డ్రైక్లీన్ అయితే 8.50. వచ్చిన కొత్తలో తెలియక నెలంతా 8.50 కట్టాను. గంజి వద్దా, కొంచెమా, గట్టిగానా అని కూడా అడుగుతారు. ఆ ప్రెస్ మెషీన్ కింద గుండీలు పగులుతుంటాయి, అది మాత్రం చిరాకు. మీరనే పెర్‌క్లోరోఎథిలీన్ ఇక్కడ మెల్లగా పోతోంది. 2024 డిసెంబర్‌లో పర్యావరణ సంస్థ ఈపీఏ, డ్రైక్లీనింగ్‌లో దాన్ని పదేళ్లలో దశలవారీగా ఆపాలని రూలు తెచ్చింది. ఆరోగ్యానికి మంచిది కాదని.

హెచ్చార్_హారిక
డాలస్ గారూ, నా షర్టుకి ఎక్కువ తీసుకుంటారు మరి. ఇక్కడ హైదరాబాద్‌లోనే. మా ఆయన తెల్ల షర్టు 90, నా తెల్ల షర్టు "లేడీస్ టాప్" అని 130. రెండూ ఒకే కంపెనీవి, నాదే చిన్నది! అడిగితే "లిస్టులో అలాగే ఉంది మేడమ్" అంటారు. మా అక్క ఉండే కాలిఫోర్నియాలో ఇలా ఆడ మగ తేడాతో రేటు వెయ్యకూడదని 1995లోనే చట్టం వచ్చింది. మనకి ఎప్పుడొస్తుందో.

డాలస్_నుంచి
మగవాళ్ల సైజుకి చేసిన మెషీన్ మీద మీ షర్టు పట్టదు, చేత్తో చెయ్యాలి అని ఇక్కడ షాపులవాళ్లు చెప్పే కారణం. మీ దగ్గర రెండూ చేత్తోనే చేస్తారు కాబట్టి ఆ కారణం కూడా లేదు.

మూడో_తరం_లాండ్రీ
హారిక గారూ, ఫ్రిల్లులూ కుచ్చిళ్లూ ఉంటే ఎక్కువ తీసుకోవడం న్యాయం. మామూలు షర్టుకి తీసుకోకూడదు. నా దగ్గర ఒకటే రేటు.

లెక్కల_రామకృష్ణ
ఎవరూ సొంత ఇస్త్రీ మాట ఎత్తరేం? 1000 వాట్ల పెట్టె, షర్టుకి 5 నిమిషాలు, 22 షర్టులకి 110 నిమిషాలు. రెండు యూనిట్లు కూడా కాలదు. ఆదివారం రేడియో పెట్టుకుని రెండు వారాలవి ఒకేసారి చేసుకుంటాను. పెట్టె ఖరీదు 900, మూడు నెలల్లో తీరిపోయింది.

కెమిస్ట్రీ_మేడమ్
బ్యాంకోడు గారూ, పడిపోయిన పసుపుకి ఇది చేసి చూడండి. అంట్లు తోమే లిక్విడ్ కాలర్ గీత మీద రాసి అరగంట ఉంచి మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ పొడి, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న స్టెయిన్ రిమూవర్, కలిపి నాలుగు గంటలు నానబెట్టండి. ఘాటు వాసన వచ్చే క్లోరిన్ బ్లీచ్ జోలికి పోవద్దు. చెమట మరక మీద పడితే ఇంకా పసుపవుతుంది.

సుధ_బెజవాడ
మరి ఆవకాయ నూనె మరక మేడమ్?

కెమిస్ట్రీ_మేడమ్
దానికి డ్రైక్లీనింగ్ పనిచేస్తుంది సుధ గారూ, నూనె కదా! ఇంట్లోనైతే వెంటనే శనగపిండి చల్లి నూనె పీల్చనిచ్చి, ఆ తర్వాత అంట్ల లిక్విడ్. వంటల్లో వేసే పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. జాడించి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో అదే వెలిసిపోతుంది.

కొత్త_బ్యాంకోడు
మూడు వారాలయింది, ఏం జరిగిందో చెబుదామని వచ్చాను. ఆరు షర్టుల్లో నాలుగింటికి కాలర్ గీత పోయింది. రెండింటికి లేత నీడ మిగిలింది, టై కట్టుకుంటే కనబడదు. చంకల దగ్గర పూర్తిగా పోలేదు, రోలాన్ మార్చాను.

గదిలో ముగ్గురం కలిసి పాత మెషీన్ ఒకటి 6,000కి కొన్నాం. రాత్రి వేసి మేడ మీద ఆరేస్తున్నాం, అందుకు ఇంటి ఓనరు ఆంటీ ఒప్పుకున్నారు. ఇస్త్రీకి మా వీధి మలుపులో ఉన్న బాబాయికి ఇస్తున్నాను, షర్టుకి 12. మొదటి రోజే ఆయన నా నీలం షర్టు కాలర్ మీద వేలు పెట్టి, "ఇది ఊడిపోయింది బాబూ, నేను చేసినా సాఫు కాదు" అని ముందే చెప్పాడు. ఈ నెల మొత్తం 264 రూపాయలు, సబ్బు పొడి వేరే.

షాపుకి ఫొటోలు పెట్టి మెయిల్ రాశాను. జవాబు లేదు. సోమవారం 1915 కి ఫోన్ చేస్తున్నాను.

వకీలు_హనుమకొండ
మంచిది. ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసి పెట్టుకోండి. మెయిల్ పంపిన తేదీ కూడా దగ్గర పెట్టుకోండి.

మూడో_తరం_లాండ్రీ
తమ్ముడూ, నీలం షర్టు పారెయ్యకు. కాలర్ విప్పి లోపలి గుడ్డ మార్చి కుట్టే టైలర్లు ఉన్నారు, 150 లోపే తీసుకుంటారు. షర్టు ఒళ్లు బాగుంటే ఇంకో రెండేళ్లు వస్తుంది.

కొత్త_బ్యాంకోడు
ఇది నాకు తెలియనే తెలియదు అన్నా. అమీర్‌పేటలో అలా చేసే టైలర్ ఎవరైనా తెలుసా?